జుమ్రా తీరం దాటు కార్యక్రమం

జుమ్రా తుఫాను నడిసముద్రంలోనే నీరుగారిపోయిందన్న శుభవార్త వచ్చే వేళకి నూకరత్నం ఉప్మా వరసలో నిలబడి ఉంది.

తెడ్లపాలెం తుఫాను షెల్టరులో ఆడవాళ్ళ హాలు ఒకవైపు, మగవాళ్ళ హాలు మరోవైపు. రెండు వరసలూ వచ్చి కలిసేది వరండాలోని ఉప్మా గుండిగ దగ్గర మాత్రమే. అందువల్ల చిన్నప్పటి నుంచీ ఉప్మా గిట్టని నూకరత్నం ఇప్పుడు దాన్ని ప్రాణంగా చూసుకుంటోంది. గరిటె చప్పుడైతే చాలు, జడ సవరించుకుని, పళ్ళెంతో సహా అందరికంటే ముందుంటుంది. అవతలి వరసలో అందరికంటే ముందు కొండబాబు ఉంటాడు. కొండబాబు ఆమె మేనత్త కొడుకు, పడవ ఇంజన్ల మెకానిక్కు, మొన్ననే తాళి కట్టిన మొగుడు. తన ఉప్మాలో తగిలిన వేరుశనగ గుళ్ళన్నీ ఏరి, కాగితంలో పొట్లం కట్టి, ఆమె పళ్ళెంలో పడేస్తాడు. ఆ పొట్లం విప్పుకుని ఒక్కొక్క గింజే నములుతూ మధ్యాహ్నమంతా కూర్చోవడంలో ఎంత సుఖముందో, బియ్యస్సీ చదివిన మూడేళ్ళలో ఏ మేష్టారూ ఆమెకు చెప్పలేదు.

"రత్నం, తుఫాను పోయిందంట," అన్నాడు కొండబాబు పళ్ళెం చాపుతూ. "సముద్రంలోనే చల్లారిపోయిందంట. వాతావరణ కేంద్రం వాళ్ళే చెప్పారంట. ఫోన్లో వచ్చింది."

"అయితే ఇంటికేనా బావా?"

"ఇంటికే."

ఇల్లంటే కొత్తగా సున్నం వేసిన ఒక గది. అందులో పాత పడవ చెక్కలతో కొండబాబు స్వయంగా చేసిన మంచం. ఆ మంచాన్ని నూకరత్నం ఫోన్లో ఫొటోగా చూసిందే తప్ప చేత్తో ముట్టుకోలేదు. ఎందుకంటే వాళ్ళ పెళ్ళి ముక్కాలు వంతే అయింది. మూడు ముళ్ళూ పడ్డాయి, తలంబ్రాలు పోసుకున్నారు, భోజనాలకు ఆకులు వేస్తుండగా పేటలోకి జీపులొచ్చాయి. జుమ్రా వస్తోంది, అందరూ కట్టుబట్టలతో షెల్టరుకు పదండని మైకులో చెప్పారు. పొయ్యి మీద ఉడుకుపట్టిన మేకమాంసం పొయ్యి మీదే ఉండిపోయింది. ఆ మాంసం ఏమైందో ఎవరికీ తెలియదు గానీ, ఆ రోజు పేటకు కాపలా ఉన్న సిబ్బంది మాత్రం మర్నాటి దాకా ఆకలి మాట ఎత్తలేదు.

తెడ్లపాలెంలో పెళ్ళిభోజనానికి ఒక పద్ధతుంది. పేట మొత్తం కూర్చుని తిన్నాకే పెళ్ళికూతురు అత్తవారి గడప తొక్కుతుంది. ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగదు. ఎంత చేపల వేళైనా, ఎంత పెద్ద ఆసామి పడవైనా సరే. ఇంటికి వెళ్ళిన వెంటనే భోజనాలు పెట్టేయాలని, ఆ మర్నాటి నుంచి మంచం తనదేనని నూకరత్నం వరసలో నిలబడే లెక్కలు వేసుకుంది.

"వరస కదలండే," అంది వెనక నుంచి అత్తగారు మసేనమ్మ. "మీ సరసం చల్లారేలోగా నా ఉప్మా చల్లారిపోతంది."

షెల్టరు ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు మేడ మీది ఒంటి గదిలో బస చేస్తూ, పగలు మేడ మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చుంటారు. మామూలు రోజుల్లో ఆయన మామిడి మొక్కలకు సంబంధించిన ఒక శాఖలో పనిచేస్తారు. తుఫాను వేళ మాత్రం తుఫానుకు సంబంధించినవారవుతారు. బయట ఎండ పెళ్ళున కాస్తోంది. ఆయన మోకాళ్ళ దాకా రెయిన్‌కోటు, నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింద చెమట కారుతుంటే తుడుచుకుంటూ ఉన్నారు. తుఫాను అమలులో ఉన్నంతకాలం సిబ్బంది రక్షణ దుస్తుల్లో ఉండవలెనని నిబంధన.

"అయ్యా, తుఫాను పోయిందంటండి," అంది నూకరత్నం. "మేం ఇళ్ళకెళ్ళిపోతామండి."

"తుఫాను పోవుట అనే స్థితి మా మార్గదర్శకాల్లో లేదమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు ఎంతో ఓపికగా. "తుఫాను ఏర్పడుట ఉంది. బలపడుట ఉంది. తీరం దాటుట ఉంది. దాటిన పన్నెండు గంటలకు ప్రజలను తమ తమ గృహములకు తరలించుట ఉంది. ఇది తీరం దాటిందా?"

"దాటలేదండి. దాటకుండానే పోయిందండి."

"దాటలేదు కదా. అంటే దాటవలసి ఉంది."

నూకరత్నం కాస్త ఆలోచించింది. "మరి ఎప్పటికీ దాటకపోతేనండి?"

"అంతవరకూ ప్రభుత్వం మీకు ఉప్మా సరఫరా చేస్తుంది. ఆ విషయంలో మీరు ఎలాంటి ఆందోళనా చెందనవసరం లేదు."

"దాటిందో లేదో ఎవరు చెప్పాలండి?"

త్రివిక్రమరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇది ఆయనకు ఇష్టమైన ప్రశ్న. వెనకటి తుఫానులో అధికారులు ఒకటి చెబితే టీవీలు ఇంకొకటి చెప్పాయని, ప్రజలు టీవీలనే నమ్మారని పైవారు గుర్తించారట. ఆ గందరగోళాన్ని శాశ్వతంగా నివారించడానికి, ఇకమీదట టీవీలు చెప్పినదే అధికారులూ చెప్పవలెనని ఉత్తర్వులు వచ్చాయట.

"ఉరుము టీవీ వారు తీరం దాటింది అన్న మరుక్షణం ఈ గేటు తీయబడుతుంది," అన్నారాయన. "తాళంచెవి నా జేబులోనే ఉంది. చూడు."

చూపించారు కూడా. తళతళలాడుతోంది.

ఉరుము టీవీ ప్రతినిధి శశాంక్ ఆ సమయానికి సముద్రపు ఒడ్డున గోతిలో ఉన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన చురుకైన కుర్రాడు. ఒడ్డున నడుములోతు గొయ్యి తవ్వించి, నీళ్ళు పోయించి, అందులో నిలబడ్డాడు. కెమెరా గొయ్యి అంచు దాకానే చూస్తుంది కాబట్టి రాష్ట్రమంతటికీ తెడ్లపాలెం నడుములోతు మునిగినట్టు కనిపిస్తోంది. వెనక ఉన్న సరుగుడు చెట్టుకు తాడు కట్టి మగవాళ్ళు లాగుతున్నారు. అవగాహన కార్యక్రమంలో సహకరించుట అన్న పేరు మీద త్రివిక్రమరావు గారే వాళ్ళను అరగంట సేపు బయటికి వదిలారు. తాడు చివర కొండబాబు ఉన్నాడు. లోపల కూర్చోబెట్టి నిలవ చేసిన బలమంతా చెట్టు మీద చూపిస్తున్నాడు. ఎండలో, గాలన్నదే లేని చోట, ఒక్క చెట్టు మాత్రం పూనకం వచ్చినట్టు ఊగుతోంది.

"మీరు చూస్తున్నారు," అని శశాంక్ గోతిలోంచి అరుస్తున్నాడు. "మహావృక్షాలు సైతం గడ్డిపరకల్లా..."

అంతలో ఒక కుక్క వచ్చి అతని వెనక పొడి ఇసుకలో హాయిగా పడుకుంది. కెమెరా అతను ఆపమంటారా అన్నట్టు చెయ్యెత్తాడు. శశాంక్ గొంతు ఒక్క మెట్టు దించాడు. "మూగజీవాలు బతుకు మీద ఆశ వదిలేసుకుని ఎలా నేలకొరిగాయో చూడండి."

స్టూడియోలో వార్తలు చదివే అమ్మాయి గొడుగు వేసుకుని నిలబడింది. తెర మూలన ఒక గడియారం. నిన్నటి దాకా అది 'తీరం దాటడానికి ఇంకా' అని వెనక్కి తిరిగింది. సున్నా దగ్గరికొచ్చినా తుఫాను రాకపోయేసరికి ఏం చేయాలో దానికి పాలుపోలేదు. ఇప్పుడది ముందుకు తిరుగుతోంది. 'తుఫాను ఆలస్యం' అని పైన రాశారు, రైలుకు రాసినట్టు. మధ్యమధ్యలో, "ఈ తుఫానును మీకు సమర్పిస్తున్నవారు గజబలం ఇనుప రేకులు" అని వస్తోంది.

శశాంక్ గోతిలోంచి పైకి వచ్చి, తుడుచుకుంటూ షెల్టరు ఆవరణలోకి రాగానే నూకరత్నం తన గోడు చెప్పింది.

"అయ్యో మేడమ్, మేం సొంతంగా ఏదీ చెప్పం," అన్నాడతను. "మాది బాధ్యత గల ఛానల్. అధికారులు ధ్రువీకరిస్తేనే చెప్తాం."

"వాళ్ళు మీరు చెప్తే చెప్తామంటన్నారండి."

"చూశారా, మా మధ్య ఎంత సమన్వయం ఉందో."

తరువాత అతను మసేనమ్మ ముందు మైకు పెట్టి, భయంగా ఉందా అమ్మా అని అడిగాడు.

"భయమేటి బాబూ. ఉక్కగా ఉంది," అంది మసేనమ్మ.

"మీ కళ్ళలో ఆ భయం..."

"నిద్దర్లేదు నాయనా. నా పక్కన పడుకున్నామె గురకెడతంది. తుఫానొచ్చినా ఇనపడదు."

శశాంక్ కెమెరా వైపు తిరిగాడు. "తుఫాను వచ్చినా వినిపించనంత నిర్వేదం. ఈ వృద్ధురాలి మాటల్లో..."

"ఎవరయ్యా వృద్ధురాలు," అంది మసేనమ్మ. ఆ ముక్క మాత్రం ప్రసారం కాలేదు.

మర్నాడు పొద్దుటికి సమన్వయం ముదిరిపోయింది. జుమ్రా పోయి ఒక రోజు దాటినా టీవీలో ఇంకా వస్తూనే ఉంది. చుట్టుపక్కల షెల్టర్లన్నీ నిండే ఉన్నాయి. జిల్లా కార్యాలయం టీవీ వైపు, టీవీ జిల్లా కార్యాలయం వైపు, నువ్వు ముందంటే నువ్వు ముందని మర్యాద చేసుకుంటున్నాయి. అలాగే ఇంకో వారం గడిచేదే గాని, రెండు వైపులా తొందర పుట్టింది. ఉరుము టీవీకి ఎల్లుండి నుంచి ఒక సినిమా హీరోయిన్ పెళ్ళి ప్రసారం ఉంది. గోతిలో నిలబడే మనిషిని పెళ్ళిపందిట్లోకి మార్చాలి. అధికారుల వైపు ఉప్మారవ్వ అడుగంటింది. దాంతో పైస్థాయిలో సమావేశం జరిగి ఒక చారిత్రక నిర్ణయం వెలువడింది. తుఫాను తనంతట తాను తీరం దాటడంలో విఫలమైనందున, ప్రభుత్వమే చొరవ తీసుకుని దాన్ని దాటించవలెను.

త్రివిక్రమరావు గారు వరండాలో నిలబడి వివరాలు చదివారు. రేపు ఉదయం పదిన్నరకు తెడ్లపాలెం ఒడ్డున జుమ్రా తీరం దాటు కార్యక్రమం. ముఖ్య అతిథిగా మంత్రిగారు. అగ్నిమాపక యంత్రం ద్వారా వర్షపాతం. ఉరుము టీవీ ద్వారా ప్రత్యక్ష ప్రసారం. పన్నెండు గంటల నిబంధనకు ప్రత్యేక సడలింపు. పదకొండుకల్లా ప్రజల తరలింపు, షెల్టరుకు తాళం.

హాళ్ళు రెండూ ఈలలతో మారుమోగాయి. నూకరత్నానికి కాళ్ళు నేల మీద ఆనలేదు. రేపు ఇల్లు, ఎల్లుండి భోజనాలు, ఆ పైన మంచం. ఆనందం పట్టలేక ఆడవాళ్ళ హాల్లో ఉన్న టీవీ ముందు వెళ్ళి కూర్చుంది. వేరుశనగ పొట్లం విప్పింది. గజబలం ఇనుప రేకుల ప్రకటన వస్తోంది. రేకుల మీద ఏనుగు నిలబడింది. ఏనుగును ఎన్నోసార్లు చూసింది కాబట్టి ఈసారి కళ్ళు కిందికి దించింది.

ఏనుగు కాళ్ళ కింద చిన్న చిన్న అక్షరాలు పరుగెడుతున్నాయి. దక్షిణాన కొత్తగా తీవ్ర వాయుగుండం. వేగంగా బలపడుతోంది. రేపు సాయంత్రానికి తెడ్లపాలెం పరిసరాల్లో తీరాన్ని తాకే అవకాశం. అలలు ఇళ్ళ ఎత్తున లేవవచ్చు. ఎవరూ వేటకు వెళ్ళరాదు. అక్షరాలు అలా వెళ్ళిపోయి, వాటి వెనకే ఒక నటుడి గడ్డం గురించిన వార్త వచ్చింది.

చదవనట్టే ఊరుకుంటే సరిపోతుందని నూకరత్నానికి ఒక్క క్షణం అనిపించింది. ఇంతమంది చూస్తున్నారు, ఒక్కరూ చదవలేదు, తనకేం పట్టింది. నోట్లో వేసుకున్న గింజ నమలడం మరిచిపోయింది. తరువాత ఫోను తీసి వాతావరణ కేంద్రం వారి ప్రకటన వెతికింది. అదే మాట ఉంది, ఏనుగు లేకుండా.

వరండాలో కొండబాబును పిలిచింది. రెండు హాళ్ళ మధ్యనున్న కటకటాలకు ఇటు ఆమె, అటు అతను.

"బావా, రేపు ఇంకో తుఫాను. నిజం తుఫాను."

కొండబాబు నవ్వాడు. "రత్నం, నిన్న చెట్టు ఊపింది నేనేనే. నన్నే నమ్మమంటావా?"

"టీవీ మాట కాదు. వాతావరణ కేంద్రం వాళ్ళు చెప్తన్నారు. ఇదిగో చూడు."

"వాళ్ళు చెప్పేదే కదా ఈళ్ళు చూపించేది. ఎవరైతే ఏటిలే." అతను గొంతు తగ్గించాడు. "ఇన్నాళ్ళు వల పడలేదు, చేపలు ఒడ్డుకొచ్చి మనల్ని పిలుత్తున్నాయి. రేపు ఈ దాటుడు అయిపోయిన ఎంటనే పడవలన్నీ దిగిపోతన్నాయి. అన్నయ్య పడవ ఇంజను మొరాయిత్తాంది, నేనూ ఎల్లాలి. ఎల్లుండి తెల్లారేసరికి వచ్చేత్తాం. నీకు వంజరం చేప తెత్తాను."

ఎల్లుండి తెల్లారేసరికి. నూకరత్నం కటకటాన్ని పట్టుకుంది.

"వెళ్ళద్దు బావా."

"పేటంతా ఎల్తంటే నేనొక్కడినీ పెళ్ళాం కొంగట్టుకుని కూచున్నానంటారే. ఇంకో తుఫానని నువ్వు మీ హాల్లో అన్నావంటే నిన్ను కూడా ఏడిపిత్తారు."

అది నిజమే. ఆడవాళ్ళ హాల్లో ఆ మాట ఒకసారి అని చూసింది. మసేనమ్మ పక్కన పడుకునే గురకావిడ, ఇంకెవరైనా తుఫాను పేరెత్తితే చెప్పు తిరగేస్తానంది.

నూకరత్నం త్రివిక్రమరావు గారి బల్ల దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఫోన్లో ప్రకటన మొత్తం శ్రద్ధగా చదివారు.

"దీనికి పేరుందా?" అన్నారు.

"ఇంకా పెట్టలేదనుకుంటానండి."

"పేరు లేనిదానిపై చర్య తీసుకొనుట ఎలా అమ్మా? పైగా ఒకేసారి రెండు తుఫానులకు మా వద్ద ఏర్పాటు లేదు. జుమ్రా ముగిసిన పిమ్మటే రెండవది పరిగణనలోకి తీసుకొనబడుతుంది. రేపు పదకొండుకు ముగుస్తుంది. షెల్టరు మూసి, తాళం వేసి, తాళంచెవి పైకి పంపి, మళ్ళీ తెరవడానికి అనుమతి కోరుతాను. ఎల్లుండి మధ్యాహ్నానికి రావచ్చు."

"తుఫాను రేపు సాయంత్రమేనండి."

"అది దాని సమస్య," అన్నారు త్రివిక్రమరావు గారు.

శశాంక్ అయితే ఫోను చూసి నిజంగానే ముఖం మాడ్చుకున్నాడు. వెంటనే హైదరాబాదు స్టూడియోకు ఫోను చేశాడు. చాలాసేపు సరే సార్, సరే సార్ అన్నాడు.

"లాభం లేదు మేడమ్. జుమ్రాతో జనం అలిసిపోయారట. ఒకటే తుఫాను రెండుసార్లు చూపిస్తున్నామంటారట. దీనికి బొమ్మలు కూడా తయారుగా లేవు. పైగా మా ఆఫీసు మొత్తం పెళ్ళి మూడ్‌లోకి వెళ్ళిపోయింది. మేకప్ వాళ్ళ దగ్గర్నుంచి సన్నాయి దాకా. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి పెళ్ళి అంటేనే వింటున్నారు."

"పెళ్ళయితే వింటారా అండి?"

"పెళ్ళయితే మధ్యలో రేకుల ప్రకటన కూడా ఆపేస్తారు."

నూకరత్నం అక్కడే ఆవరణలో ఇసుకలో కూర్చుంది. చేతిలో పొట్లం ఇంకా ఉంది. అందులో మిగిలిన గుళ్ళను మెల్లగా ఒక్కొక్కటే తింది. తుఫాను అంటే పేటలో ఎవరూ నమ్మరు. తుఫాను అంటే అధికారి తాళం తీసి ఉంచరు. తుఫాను అంటే టీవీ చూపించదు. ఇన్ని రోజులూ ఆ ఒక్క మాటనే అందరూ కలిసి అరగదీసేశారు. ఇక అందులో నిజం తుఫానుకైనా మిగిలింది లేదు. అయితే పడవలను ఒడ్డున ఆపే మాట తెడ్లపాలెంలో మరొకటి ఉంది. ఆ మాట ఆమె సొంతం. దాన్ని ఎల్లుండికని, తన ఇంటి గడప కోసమని దాచుకుంది.

కొంచెం బాధనిపించింది. తరువాత లేచి, చీరకున్న ఇసుక దులుపుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, మా పెళ్ళిభోజనాలు రేపు ఇక్కడే పెట్టేద్దాం."

"ఇక్కడా? షెల్టర్లోనా?" మసేనమ్మ పక్కబట్టల మీద లేచి కూర్చుంది. "నీకేటి తిక్క పట్టిందా? ఇంటి ముందు పందిరేసుకుని పెట్టుకోకుండా."

"ఇంటి ముందుకు మంత్రిగారు రారు కదత్తా. రేపు ఇక్కడికి వత్తన్నారు. టీవీ వాళ్ళూ ఉంటారు. మీ తోడికోడలు కొడుకు పెళ్ళికి సర్పంచి కూడా రాలేదు."

మసేనమ్మ జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. ఆమె ముఖంలో పాత పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే కదలడం నూకరత్నానికి కనిపించింది.

"ఆ పెళ్ళిలో పులుసులో ఉప్పు కూడా లేదు," అంది మసేనమ్మ చివరికి. "మరి మేకెక్కడిదే?"

"ఎండుచేపలున్నాయి కదత్తా, ప్రతి ఇంట్లోనూ, పొద్దున్నే తెప్పిద్దాం. సర్కారు బియ్యం ఉంది, పప్పుంది."

"ఎండుచేపల పులుసు నేనెట్టానంటే మంత్రి గిన్నె నాకేత్తాడు," అంది మసేనమ్మ లేస్తూ. "ఆ ఆఫీసరాయన ఒప్పుకుంటాడా?"

ఆయన ముందు ఒప్పుకోలేదు. షెల్టరులో వివాహ విందులు నిర్వహించుట నిషేధం కాకపోయినా, అనుమతి కూడా లేదన్నారు. నూకరత్నం ఆయన భాషలోకే దిగింది.

"మంత్రిగారు నూతన వధూవరులను ఆశీర్వదించుట ఉంటుందండి. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. తుఫాను బాధితుల మధ్య వివాహ విందు. తమరు పక్కనే ఉంటారండి."

త్రివిక్రమరావు గారు హెల్మెట్టు తీశారు. జుమ్రా మొదలైన తరువాత ఆయన తల బయటపడటం అదే మొదలు. "నేను ఏ వైపు ఉంటాను?" అన్నారు.

"కుడివైపండి. కాకపోతే మంత్రిగారు భోజనం చేస్తుండగా షెల్టరుకు తాళం వేయుట బాగుండదేమోనండి."

"వేయబడదు. మంత్రిగారు ఉన్నంతవరకు, ఆ పిమ్మట పేట ప్రజలు భోజనం ముగించునంతవరకు షెల్టరు తెరిచే ఉంచబడును."

"పేట పెద్దది కదండి. మా పంక్తులు తెమిలేసరికి రాత్రవుద్దండి."

"కానివ్వండి."

"ఇంకొకటండి. మంత్రిగారి కార్లు, టీవీ వాళ్ళ బండ్లు ఎక్కడ నిలపాలండి? ఒడ్డంతా పడవలే ఉన్నాయి. చూసేవాళ్ళకు బాగుంటుందాండి?"

ఆయన ఒడ్డు వైపు చూశారు. అన్ని పడవలు ఇన్నాళ్ళూ ఆయన కంటికి ఆనలేదు. "ఇది తీవ్రమైన ప్రోటోకాల్ లోపం," అన్నారు. "పడవలన్నీ షెల్టరు వెనక మెరక మీదికి లాగించవలెను. ఇప్పుడే ఆదేశాలిస్తాను."

శశాంక్‌కు చెప్పగానే హైదరాబాదుకు ఫోను చేశాడు. ఈసారి సరే సార్ అనడం అవతలివాళ్ళ వంతయింది. హీరోయిన్ పెళ్ళికి ముందు ఆకలి పుట్టించడానికి ఇదొక చిన్న పెళ్ళిగా బాగుంటుందన్నారు. ఉదయం నుంచి చీకటి పడేదాకా ప్రసారం. వాన పడితే ఇంకా అందంగా ఉంటుందన్నారు.

"పడుతుందని చెప్పండి," అంది నూకరత్నం.

సాయంత్రం ఉప్మా వేళకి త్రివిక్రమరావు గారు మైకు పట్టుకున్నారు. అదే ఆఖరి ఉప్మా కాబట్టి రెండు వరసలూ తీరిగ్గా నిలబడ్డాయి.

"తెడ్లపాలెం ప్రజలకు విజ్ఞప్తి. రేపు ఉదయం పదిన్నరకు జుమ్రా తుఫాను తీరం దాటబడును. పిదప షెల్టరు ఆవరణలో చిరంజీవి కొండబాబు, చిరంజీవి సౌభాగ్యవతి నూకరత్నంల వివాహ విందు మంత్రిగారి సమక్షంలో జరుగును. పేట ప్రజలందరూ పిల్లాపాపలతో, ముసలీముతకతో ఇక్కడే ఉండి భుజించవలెను. తెల్లవారగానే పడవలన్నీ మెరక మీదికి లాగవలెను. పేట ఆచారం ప్రకారం రేపు ఎవరూ వేటకు వెళ్ళరాదు."

మగవాళ్ళ వరసలో ఒక గొణుగుడు లేచి, అంతలోనే అణిగిపోయింది. తుఫాను వద్దన్నా వెళ్ళేవాళ్ళు, పెళ్ళిభోజనం రోజున వెళ్ళరు. వెళితే మసేనమ్మ జీవితాంతం వాళ్ళను వదిలిపెట్టదు.

దక్షిణం నుంచి సన్నటి గాలి వచ్చింది. ఒడ్డున సరుగుడు చెట్టు, తాడు లేకుండానే, కొంచెం కదిలింది. గుండిగ దగ్గర కొండబాబు పొట్లం అందించబోయి దాన్ని చూశాడు. తాడు చివర తను లేడు. చెట్టును చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు.

"రత్నం, నిజంగా వత్తదంటావా?"

"వత్తే అందరం ఇక్కడే ఉన్నాం. రాపోతే భోంచేసి ఇంటికెళ్దాం."

అతను పొట్లం ఆమె పళ్ళెంలో పెట్టాడు. ఈసారి అందులో గుళ్ళు ఎక్కువే ఉన్నాయి. ఎవరెవరి ఉప్మాలోంచి ఏరుకొచ్చాడో.

"అయితే రేపు తెల్లారగానే పడవలు లాగేటప్పుడు," అన్నాడు, "మన మంచం కూడా మోసుకొచ్చేత్తాను."

"ఏ హాల్లో పెడతావు బావా?"

కొండబాబు మైకు దించుతున్న త్రివిక్రమరావు గారి వైపు తిరిగి అదే అడిగాడు. ఆయన హెల్మెట్టు సవరించుకున్నారు. మంచం విషయమై మార్గదర్శకాల్లో ఏమీ లేదని, రేపు మంత్రిగారి దృష్టికి తీసుకువెళతానని చెప్పారు.

"మంత్రెందుకయ్యా," అంది మసేనమ్మ వెనక నుంచి పళ్ళెం ముందుకు తోస్తూ. "రేపు పొద్దున్నే మేడ మీద గదిలో నీ సామాను దించేయించు, మంచం అక్కడేయిత్తాను. వరస కదలండే."